జ్ఞానదంతం, ఒక నరం, 0.995 స్కోరు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో నాకు కింది దవడలో జ్ఞానదంతం నొప్పి మొదలైంది. "జ్ఞానం రాకపోయినా దంతం వచ్చిందిలే" అని అమ్మ నవ్వింది. డాక్టర్ గారు మాత్రం నవ్వలేదు. సీబీసీటీ స్కాన్ తీయించి, పంటి వేరు పక్కనే సన్నటి నల్లని దారి చూపించారు. "ఇందులోంచి నరం వెళ్తుంది. దీనికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. ఒక్కోసారి అది శాశ్వతంగా ఉండిపోవచ్చు" అన్నారు.

ఆయన ఒక్కో స్లైస్ జరుపుతూ మౌస్‌తో ఆ దారి మీద చుక్కలు పెడుతుంటే, సీఎస్ఈ వాణ్ణి కదా, ఆగలేక అడిగేశాను: "ఇది కంప్యూటర్ చేయలేదా సార్?"

"చేస్తుంది. కానీ మళ్లీ నేను చూసుకోవాలి."

ఆ "కానీ" ఎందుకో తెలుసుకోవాలనిపించింది.

ఫొటోలో పిక్సెల్ ఎలాగో, త్రీడీ స్కాన్‌లో వాక్సెల్ అలాగ. ఒక్కో వాక్సెల్ 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక ఘన సెంటీమీటర్‌లో 1,25,000 ఉంటాయి. ప్రతి దానికీ "ఇది పన్ను, ఇది ఎముక, ఇది నరం దారి" అని పేరు పెట్టడమే సెగ్మెంటేషన్.

ఎముక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఒక అంకె పెట్టుకుని, అంతకన్నా తెల్లగా ఉన్నదంతా ఎముకే అనేస్తే సరిపోదా? సరిపోదు. పంటి వేరు, దాని చుట్టూ ఉన్న ఎముక దాదాపు ఒకే తెలుపులో ఉంటాయి. మెటల్ క్యాప్ ఉంటే స్కాన్ నిండా చారలే.

అందుకే డీప్ లెర్నింగ్. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీ వాళ్లు యూ-నెట్ తెచ్చారు. అది బొమ్మను కుదించి ఏది ఎక్కడుందో మొత్తంగా అర్థం చేసుకుంటుంది, మళ్లీ పెద్దది చేస్తూ అంచులు గీస్తుంది. కుదించినప్పుడు పోయే సన్నని వివరాలు పక్కదారిలో నేరుగా అవతలికి చేరతాయి. డాక్టర్లు రంగులు వేసి ఇచ్చిన స్కాన్లు చూసి ఇదంతా నేర్చుకుంటుంది.

అసలు చిక్కు మార్కుల దగ్గర ఉంది. డాక్టర్ వేసిన రంగు, మోడల్ వేసిన రంగు ఎంత కలిశాయో 0 నుంచి 1 మధ్య చెప్పేది డైస్ స్కోరు. ఉమ్మడి వాక్సెల్స్‌ను రెట్టింపు చేసి, ఇద్దరూ రంగు వేసిన వాక్సెల్స్ మొత్తంతో భాగిస్తాం. దవడ, నరం దారి కలిపి లక్ష వాక్సెల్స్, అందులో నరానివి వెయ్యి అనుకుందాం. మోడల్ మిగతా 99,000 సరిగ్గా పట్టి, నరాన్ని పూర్తిగా వదిలేసింది. స్కోరెంత? 1,98,000 / 1,99,000, అంటే సుమారు 0.995! నరాన్ని విడిగా లెక్కేస్తే మాత్రం సున్నా.

పరీక్షలో 99 శాతం వస్తే మా ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఇక్కడ ఆ పోయిన ఒక్క శాతంలోనే నా పెదవి ఉంది.

నా పన్ను తీసేశారు. ఇంజెక్షన్ తిమ్మిరి సాయంత్రానికి దిగిపోయింది, పెదవి బాగానే ఉంది. ఈసారి మా మినీ ప్రాజెక్ట్ ఇదే. రిజల్ట్స్ టేబుల్‌లో నరానికి విడిగా ఒక కాలమ్ పెడుతున్నాం. మార్కులు తగ్గినా సరే.