డచ్చివారి చలనచిత్రములందలి హాస్యము: ప్రకృతివికృతి విచారము

హాస్యమునకు వికృతి మూలమని భరతముని చెప్పెను. వికృతమైన వేషము, వికృతమైన వాక్కు, వికృతమైన చేష్ట యనువానిచే హాసమను స్థాయిభావము ఉద్బోధితమై రసత్వమును బొందును. మన పాఠశాలలలో ఈ యంశమును బోధించునపుడు పండితులు సామాన్యముగా విదూషకుని యాకారమును, వాని భోజనప్రియత్వమును ఉదాహరించి విరమింతురు. నేనును ముప్పది యేండ్లకాలము అట్లే బోధించితిని. కాని వికృతి యనఁగానే "దేనికి వికృతి?" అను ప్రశ్న పుట్టవలసియున్నది. ఆకాశశబ్దము నెఱుఁగనివానికి 'ఆకసము' తద్భవమని తెలియుట యెట్లు? ప్రకృతిజ్ఞానము లేనిదే వికృతిజ్ఞానము లేదు. శబ్దవిషయమున సత్యమైన యీ నియమము హాస్యవిషయమునను సత్యమే. ఒక జాతివారు దేనిని జూచి నవ్వుదురో తెలిసికొనఁగోరువాఁడు ముందుగా వారు దేనిని ప్రకృతిగా నెంచుదురో తెలిసికొనవలయును.

ఈ నియమమును బరీక్షించుటకు మనకు దూరమైన జాతి నొకదానిని గైకొనుట మేలు. ఏలయన, దగ్గఱివారి ప్రకృతి మనకుఁ దెలియకయే తెలిసియుండును; అది విచారణకు లోఁబడదు. అందుచే నేను డచ్చివారిని గైకొంటిని. వారు మనకు బొత్తిగాఁ గ్రొత్తవారు కారు. 1605 వ సంవత్సరమున వారి యోడలు మచిలీపట్టణమును జేరినవి. ఆ యూర వలందపాలెమను పేర నేఁటికిని వారి జ్ఞాపకము నిలిచియున్నది. అయినను వారి వర్తకము తెలిసినంతగా వారి నవ్వు మనకుఁ దెలియదు. వారి భాష నేనెఱుఁగను. ఆంగ్లానువాదముల సాయముననే వారి కృతులను జదివితిని, చిత్రములను జూచితిని. కావున శబ్దచమత్కారములను గూర్చి నే నేమియుఁ జెప్పఁజాలను. హాస్యకారణమును గూర్చి మాత్రమే విచారించెదను.

నెదర్లాండు అను పేరునకే నిమ్నదేశమని యర్థము. ఆ భూమిలో సుమారు నాలవవంతు సముద్రమట్టమునకు దిగువనున్నది. కట్టలు కట్టి, నీరు తోడి నిలుపుకొన్న నేల యది. కట్ట యొక్కచోఁ దెగినచో ధనికుని పొలమును, పేదవాని పొలమును ఒక్కటిగా మునుఁగును. పదుమూఁడవ శతాబ్దమునాఁటికే జలరక్షణకై సంఘము లేర్పడి, భూస్వాములు పనిని, వ్యయమును బంచుకొనుచుండిరి. ఆ జాతివారి సమత్వబుద్ధికి ఇదియొక్కటే హేతువనుట సాహసము; వర్తకజీవనమును, కాల్విను బోధించిన నిరాడంబరమైన క్రైస్తవమును గూడ హేతువులుగాఁ జెప్పుదురు. హేతు వేదైనను ఫలము స్పష్టము. "మామూలుగా నుండుము, అదియే చాలినంత వెఱ్ఱి" యను నర్థమిచ్చు సామెత వారిలో మిక్కిలి ప్రచారమున నున్నది. కోసిన పచ్చిక మట్టమునకు మించి తల యెత్తరాదని మఱియొక నానుడి. మామూలుతనము వారికి ప్రకృతి. తల యెత్తుట వికృతి.

ఇచ్చట మనకును వారికిని గల భేదము గమనింపఁదగినది. మన ప్రహసనములందు పాత్రము సామాన్యముగాఁ దన స్థానమునుండి క్రిందికి జాఱి నవ్వు పుట్టించును. మత్తవిలాసమందలి కాపాలికుఁడును, శాక్యభిక్షువును తమ ధర్మమునుండి జాఱినవారు గనుకనే హాస్యపాత్రములైరి. డచ్చివారి హాస్యమునందు జాఱుటకన్న నెక్కుటయే ప్రబలమైన విభావము.

దీనికిఁ బ్రాచీనోదాహరణము నాటకమునుండియే గైకొందము. బ్రెడెరో (1585–1618) అను నాంస్టర్డాము కవి 1617 లో 'స్పానిష్ బ్రబాంటీయుఁడు' అను నర్థమిచ్చు పేర నొక ప్రహసనమును రచించెను. యెరోలిమో యనువాఁడు అప్పులపాలై ఆంట్వర్పునుండి పాఱిపోయి ఆంస్టర్డామును జేరి, తాను గొప్పవంశమువాఁడనని చెప్పికొనును. ఒంటిమీఁద ఆడంబరము, కడుపులో నాఁకలి. సేవకుఁడు భిక్షమెత్తి తెచ్చినది తిని, తన బ్రబాంటుభాష మాధుర్యమును బొగడికొని, ఆంస్టర్డామువారి పలుకు మోటదని నిరసించును. తుదకు ఋణదాతలను, సేవకునిఁ గూడ విడిచి పలాయితుఁడగును. ఇందు నవ్వు వాని దారిద్ర్యమును జూచి పుట్టినది కాదు. దారిద్ర్యముపైఁ గప్పిన యలంకృతవాక్కును జూచి పుట్టినది.

ఈ ప్రహసనమును జదివినపుడు నాకు మొదట నవ్వు వచ్చినది. పిమ్మట మోము వేఁడెక్కినది. నిండుసభలో నొక దీర్ఘసమాసమును బ్రయోగించి, శ్రోతలలో నొక్కనికైన బోధపడెనో లేదో విచారింపక, ఉత్తరీయము సవరించుకొన్న దినములు నాకును గలవు. తన వికృతిచేఁ గాని, యితరుని వికృతిచేఁ గాని హాసము పుట్టునని ధనంజయుఁడు చెప్పిన మాటలో మొదటి పక్షమును నేను విద్యార్థులకుఁ బలుమాఱు చెప్పితిని. అనుభవించుట మాత్ర మదియే మొదలు.

తన్నుఁ దాను జూచి నవ్వుకొను నీ హాస్యమే డచ్చి చలనచిత్రములకు జీవము. 1958 లో బెర్ట్ హాన్‌స్ట్రా దర్శకత్వమున 'ఫాన్‌ఫేర్' వెలువడినది. వీథులకు బదులు కాలువలు గల ఖీట్‌హోర్న్ అను గ్రామమున దానిని జిత్రించిరి. ఊరివారి వాద్యమేళము కలహముచే రెండుగాఁ జీలును. రాఁబోవు పోటీలో గెలుపు తమదే కావలెనని రెండు పక్షములవారును పన్నాగములు పన్నుదురు. తుదకు ఆ రెండు మేళముల సంగీతమును గలిసి యొక్క కృతి యగును. ఇందు దుష్టుఁడు లేఁడు. ప్రతివాఁడును తన పక్షమునకై తల యెత్తువాఁడే, ప్రతివాఁడును నవ్వులపాలగువాఁడే. అప్పటి యా దేశజనసంఖ్య సుమారు కోటి పది లక్షలు. ఈ చిత్రమును జూచినవారు 26 లక్షలు.

ఆ దర్శకుఁడే 1963 లో 'అల్లెమాన్', అనఁగా 'సర్వజనుఁడు' అను చిత్రమును నిర్మించెను. ఛాయాగ్రహణయంత్రమును మఱుఁగున నుంచి జనులను వారి సహజస్థితిలోఁ బట్టిన చిత్ర మది. సముద్రతీరమున నలుగురి నడుమ వస్త్రములు మార్చుకొనుటకు జనులు పడు పాట్లు అందుఁ బ్రసిద్ధములు. దానికిఁ గల్పితకథ లేదు, వేషధారులు లేరు, మామూలు మనుష్యుఁడే విదూషకుఁడు. తమ్ముఁ దాము చూచి నవ్వుకొనుటకు 16 లక్షలకుఁ బైగా జనులు రుసుము చెల్లించి పోయిరి.

ఇచ్చట నొక యాక్షేపము గలదు. తల యెత్తినవానిని గోయు నవ్వు సమత్వమా, అసూయయా? డంబముచేఁ బైకెక్కినవాఁడును, గుణముచేఁ బైకెక్కినవాఁడును ఒక్క కొడవలికే బలియగుదురు గదా! ఈ యాక్షేపము న్యాయమైనదే. నవ్వు దిద్దుబాటుగాఁ బుట్టి శిక్షగా ముదురుట మన గ్రామములందును, పండితసభలందును మన మెఱుఁగని విషయము కాదు. దీనికి ఆ దేశపు మేలిచిత్రములు చెప్పిన సమాధాన మేమనఁగా, అవి యా కొడవలినే నవ్వులపాలు చేసినవి.

1986 లో డిక్ మాస్ చిత్రించిన 'ఫ్లొడ్డర్' చూడుఁడు. విషపదార్థములు నిండిన నేలపై నున్న యింట నొక మోటకుటుంబమును గాపురముంచిన పురపాలకులు, ఆ తప్పును దిద్దుకొనుటకై వారిని ధనికుల పేటలోని భవనమునకుఁ జేర్తురు. తల్లి చుట్ట వదలదు. పిల్లలకు నియమము లేదు. ధనికుల వంకర చూపులను జూచి నవ్వవలెనా, మోటవారి వర్తనమును జూచి నవ్వవలెనా యని ప్రేక్షకుఁడు తడఁబడును. నిజమునకు రెంటికిని మూలము సమత్వమును కాగితముపై శాసించి సాధింపఁదలఁచిన యధికారుల సదుద్దేశమే.

1992 లో అలెక్స్ వాన్ వార్మర్‌డాం నిర్మించిన 'నోర్డర్‌లింగన్', అనఁగా 'ఉత్తరదేశీయులు', ఇంకను లోఁతైనది. కథాకాలము 1960 ప్రాంతము. కట్టఁదలఁచిన పట్టణములో నొక్క వీథి మాత్రమే లేచినది; దాని ప్రక్కనే యడవి. టపాబంట్రోతు జాబులను రహస్యముగా విప్పి చదివి, యెల్లరి గుట్టు నెఱుఁగును. ఆ వేషమును దర్శకుఁడే ధరించెను. కసాయివాని భార్య యుపవాసదీక్ష వహింపఁగా జనులామెను పుణ్యాత్మురాలిగా నెంచి కిటికీ వెలుపలినుండి చూచుచుందురు. ఈ వీథిలోఁ దల యెత్తినవాఁ డెవ్వఁడును లేఁడు. అందఱును మామూలువారే. ఆ మామూలుతనమే భయము గొలుపునంతగా వికృతమైనది. ప్రకృతియే వికృతిగాఁ గానవచ్చుట వ్యాకరణమున సంభవింపదు, హాస్యమున సంభవించును. నా మొదటి నియమమున కిది బాధకము కాదు, పోషకమే. ప్రకృతిని బూర్తిగా నెఱిఁగినవాఁడే దానియందలి వికారమును జూపఁగలఁడు.

ఇంక రసవిరోధమును గూర్చి యొక్కమాట. హాస్యమునకుఁ గరుణము విరోధియని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ జెప్పెను. 2004 లో ఎడ్డీ టెర్‌స్టాల్ చిత్రించిన 'సీమన్' ఈ సూత్రమునకుఁ బరీక్ష. సీమన్ మాదకద్రవ్యముల నమ్మువాఁడు, నాలుకకు అదుపులేనివాఁడు, స్నేహశీలుఁడు. వాని మెదడునఁ గంతి పుట్టి మరణము నిశ్చయమగును. వైద్యుని సాయమునఁ దన మరణమును దానే నిర్ణయించుకొనును; ఆ దేశమునఁ గఠిననియమములకు లోఁబడి దీనికి 2002 నుండి శాసనము అవకాశ మిచ్చినది. దినము నిశ్చయమైన పిమ్మటఁ గూడ మిత్రుల పరిహాసము లాఁగవు. నేను నవ్వుచునే కన్నులు తుడుచుకొంటిని.

ఇది విరోధదోషమా? కాదని నా యభిప్రాయము. విరోధియైన రసము అంగిరసమునకు అంగముగా నున్నచో దోషము లేదని ఆనందవర్ధనుఁడు వ్యవస్థ చేసెను. ఇందుఁ గరుణ మంగి, హాస్య మంగము. అంగత్వము సిద్ధించుటకుఁ గారణము మఱల నా ప్రకృతియే. మృత్యువు నెదుటనైనను మామూలుగా నుండవలెనని తలఁచువాని పరిహాసము శోకమును ద్రోసివేయదు. దానిని లోన నిలుపుకొనును. విలాపమునకన్న నా నవ్వే యెక్కువగా గుండెను బట్టును.

ప్రకృతి యేదో భరతుఁడు చెప్పకుండుట లోపమని కొందఱు తలఁపవచ్చును. కాని దేశములనుబట్టి వేషభాషాచారములు భేదించునని చెప్పి, నాలుగు ప్రవృత్తులను విభజించినవాఁడును ఆ మునియే. కావున ప్రకృతిని ఆయా దేశమున వెదకికొను పని మనకు విడిచెనని గ్రహింపవలయును. ఇఁకమీఁద నేను హాస్యపాఠమును విదూషకుని యుదరముతో మొదలుపెట్టను. "నీ యింట, నీ యూర మామూలనఁగా నేమి?" అని విద్యార్థి నడిగెదను. వాని సమాధానమునుండియే వికృతిలక్షణము తెలియఁగలదు. ఆ పిమ్మట విదూషకుఁడు వచ్చినచో, వానిని జూచి వాఁడు మునుపటికన్న బాగుగానే నవ్వఁగలఁడని నా నమ్మకము.