మంటల నార్పు పాత యంత్రములు – బార్కర్‌విల్ పట్టణపు గుణపాఠము

ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు పొరుగువారు కడవలతోను బిందెలతోను పరుగెత్తి వచ్చుట మన విద్యార్థు లెఱిగినదే. పూర్వము ఐరోపాఖండమునను పద్ధతి యిదియే. నూతినుండి మంటవఱకు జనులు వరుసగా నిలిచి, తోలుబొక్కెనలను చేతినుండి చేతి కందించుచుండిరి. తోలుబొక్కెన క్రిందపడినను పగులదు. కాని దానితో మేడమీది మంటను అందుకొనుట దుర్లభము. ఈ కొఱతను తీర్చినది చేతిపంపు.

దీని మూలము మిగుల ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందు క్టెసిబియస్ అను శిల్పి రెండు గొట్టముల పంపును కల్పించెను. ఒక్కొక్క గొట్టములో నొక్కొక్క ముషలకముండును. పొడవైన దండమును ఇరుప్రక్కల మనుష్యులు పట్టి పైకి క్రిందికి ఆడింపగా, ఒక ముషలకము నీటిని పీల్చునప్పుడు రెండవది బయటికి నెట్టును. అయినను ధార సమముగా నుండదు. అందుచేత 17వ శతాబ్దమున దీనికి గాలిగదిని జేర్చిరి. నీటి యొత్తిడిచే గదిలోని గాలి ముడుచుకొనును. ఒత్తిడి తగ్గగానే వ్యాపించి నీటిని ఎడతెగక నెట్టుచుండును. ఆ శతాబ్దముననే ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి చిత్రకారుడు యాన్ వాన్ డెర్ హైడెన్ తోలుగొట్టమును ప్రవేశపెట్టి, యంత్రము దూరముననున్నను నీరు మంటను జేరునట్లు చేసెను. 1721లో లండను నగరమున రిచర్డు న్యూషామ్ తన యంత్రమునకు పేటెంటు పొందెను. చక్రములపై నడచు నతని యంత్రములు అమెరికావఱకు వ్యాపించెను.

అయితే యంత్రము లోకమున నున్నంతమాత్రమున ఊరికి రక్షణ కలుగదు. ఇందుకు బ్రిటిష్ కొలంబియాలోని బార్కర్‌విల్ అను చిన్న పట్టణము నిదర్శనము. 1862లో బిల్లీ బార్కర్ అచ్చట బంగారము కనుగొనగా, గనిపనివారు గుంపులుగా వచ్చి ఇఱుకైన వీధి కిరువైపుల కఱ్ఱయిండ్లు కట్టుకొనిరి. 1868 సెప్టెంబరు 15వ తేది రాత్రి ఫ్రెడరిక్ డాలీ అను ఛాయాచిత్రకారుడు పొగగొట్టములనుండి నిప్పురవ్వలు కఱ్ఱకప్పులపై రాలుచుండుట చూచి, ఈ ఊరికి అగ్నిభయము తప్పదని తలంచెను. మఱునాటి మధ్యాహ్నమే మంట లేచెను. గంటన్నర గడవకముందే పట్టణములో అధికభాగము బూడిదయ్యెను.

జనులు అధైర్యపడక వెంటనే ఇండ్లు కట్ట నారంభించిరి. ఈమాఱు వీధిని వెడల్పు చేసిరి. విలియమ్స్ క్రీక్ అగ్నిమాపక దళమునకు ఒక శాల యేర్పడెను. ఆ శాలయు, ఊరి నాటకశాలయు ఒకే భవనమున నుండెను. నేడు బార్కర్‌విల్ చారిత్రక పట్టణముగా రక్షింపబడుచున్నది.

అగ్నిమాపకశాల యనగా యంత్రమును దాచు కొట్టము మాత్రమే కాదు. తోలుగొట్టమునకు తఱచుగా కొవ్వు పట్టింపనిచో అది యెండి బీటలు వాఱును. దండమును ఆడించువారు ముందుగా అభ్యసింపనిచో సమయమునకు చేతులు కలియవు. కావున నిప్పులేని దినములలో జరుగు పనియే నిప్పు లేచిన దినమున ఊరిని కాపాడును. పెండ్లికుమారుడు రాకమునుపే సిద్దెలలో నూనె నింపుకొనిన కన్యకల బుద్ధియు నిట్టిదే.

విద్యార్థులారా, మనలో కొందఱి యిండ్లు తాటియాకు కప్పులవి. వేసవిలో పడమటిగాలి వీచునప్పుడు పొయ్యిలోని నిప్పును పూర్తిగా నార్పి, వాకిట నిండుకడవ నుంచుడు. ఈ పనికి చిన్నచేతులు చాలును.