స్వయంపాకము

తన భోజనమును తానే వండుకొనుటకు స్వయంపాకమని పేరు. పూర్వము యాత్రలు చేయువారును, పరస్థలములలో చదువుకొనువారును, ఆచారపరులును స్వయంపాకము చేసికొనుచుండిరి. అట్టివారికి గృహస్థులు బియ్యము, పప్పు, కూరగాయలు పళ్ళెరమున అమర్చి ఇచ్చెడివారు. ఆ సామగ్రికి కూడ స్వయంపాకమనియే పేరు వచ్చినది.

వండుకొను వసతి లేని పేదవిద్యార్థులు వారములు చేసికొని చదివిరి. వారములు చేసికొనుట యనగా సోమవారము ఒక యింట, మంగళవారము వేఱొక యింట, ఈ విధముగా ఏడు దినములు ఏడిండ్లలో భోజనము చేయుట. పట్టణములలో పూటకూళ్ళ ఇండ్లుండెడివి. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. అప్పుడు ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచినది. వంట నేర్చిన చేయి ఒక కుటుంబమును నిలుపగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱేల?

నేడు చదువు కొఱకును, ఉద్యోగము కొఱకును ఇల్లు విడుచువారు పెక్కుమంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములలో పోటీపరీక్షలకు చదువుకొనుచు చిన్న గదులలో నివసించు యువతీయువకులు ఎందఱో కలరు. వారికి ఇంటినుండి వచ్చు సొమ్ము మితము. గది అద్దె తగ్గదు. పుస్తకముల వెల తగ్గదు. కావున సొమ్ము చాలనప్పుడు వారు కోత పెట్టునది తమ కడుపునకే. ఒక పూట తేనీటితో సరిపెట్టుకొందురు. మఱియొక పూట బండివద్ద నూనెలో వేగిన పదార్థము ఏదో తిందురు. కొన్నాళ్ళకు నీరసము తోచును. పుస్తకము ఎదుట నున్నను మనస్సు దానిపై నిలువదు. ఏ చదువు కొఱకు తల్లిదండ్రులు కష్టపడి సొమ్ము పంపుచున్నారో ఆ చదువే చెడును. కూటి కొఱకు కోటి విద్యలని సామెత. కూడు వండుకొను విద్య తెలియనిచో తక్కిన విద్యలును సాగవని ఈ విద్యార్థులను చూచినవారికి తెలియును. మీలో పలువురు కొలది సంవత్సరములలో ఇట్లే ఇల్లు విడువవలసినవారు గాన, ఈ విషయమును ఇప్పుడే తెలిసికొనుట మంచిది.

ఐదుగురున్న ఇంటిలో వండుట కంటె ఒక్కరికి వండుకొనుట సులభమని తోచవచ్చును. పని తక్కువయే, కాని పొదుపు కష్టము. ఐదుగురికి తెచ్చిన తోటకూర కట్టలు ఒక పూటకే సరిపోవును. ఒక్కనికి తెచ్చిన కట్టలో సగము మఱునాటికి వాడిపోవును. అంగడిలో చెల్లించిన వెల వేఱు, తిన్న భాగమునకు పడిన వెల వేఱు. కిలో టమాటాలు 30 రూపాయలని అనుకొందము. చౌకయని కిలో కొని, అందులో 400 గ్రాములు కుళ్ళగా పారవేసినచో, మిగిలిన 600 గ్రాములకు 30 రూపాయలు ఇచ్చినట్లయినది. అనగా కిలో 50 రూపాయల చొప్పున కొన్నట్లే. పక్క అంగడిలో కిలో 40 రూపాయల చొప్పున అరకిలో మాత్రమే కొని, అంతయు తిన్నవాడు వీనికంటె తెలివిగలవాడు. ఒంటరివాని సొమ్ము పొయ్యిమీద కంటె చెత్తబుట్టలో ఎక్కువగా పోవును. దీనిని గ్రహించినవానికి స్వయంపాకములో సగము తెలిసినట్లే.

కావున కొనుటకు ముందు వస్తువులను మూడు తెగలుగా విభజింపవలయును. బియ్యము, పప్పులు, చింతపండు, కారము, ఆవాలు, వేరుసెనగలు మొదలైనవి చిరకాలము నిలుచునవి. వీనిని నెలకొకసారి కొనవచ్చును. బియ్యపు డబ్బాలో ఎండిన వేపాకు వేయుట, పప్పును ఒకసారి ఎండలో పెట్టుట మన పెద్దలు పురుగు పట్టకుండ చేసిన ఉపాయములు. ఉల్లి, బంగాళాదుంప, చేమదుంప, కంద, గుమ్మడికాయ, కోడిగ్రుడ్లు కొన్ని దినములు నిలుచును. బంగాళాదుంపలను చీకటిగానున్న చోట ఉంచవలయును. వెలుతురు తగిలి పచ్చబారిన దుంపలో సొలనిన్ అను విషపదార్థము చేరును, అట్టిదానిని తినరాదు. ఆకుకూరలు, టమాటాలు, పాలు త్వరగా చెడునవి. వీనిని కొద్దికొద్దిగా తెచ్చుకొనవలయును. తెచ్చిన వెంటనే ఆకుకూర వండవలయును; తరువాత కాయలు; వారము చివర దుంపలు. ఈ క్రమము తప్పినవాడు బుధవారమునకు వాడిన ఆకును చూచి విచారించును.

ఎంత కొనవలయునో తెలియుటకు ఒక కొలత కావలయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయములో మనకు ప్రమాణము. ఇది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఈ సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము 2,000 కిలోకేలరీల దినభోజనమునకు ధాన్యము సుమారు 250 గ్రాములు, పప్పుధాన్యములు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలయును. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. వీనిని ఏడుచే గుణించినచో ఒకరికి వారమునకు బియ్యము వంటి ధాన్యము ఒకటిముప్పాతిక కిలో, పప్పు సుమారు 600 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 800 గ్రాములు అగును. కాయకష్టము చేయువారికి ఇంతకంటె ఎక్కువ కావలయును. ఈ లెక్కను కాగితముపై వ్రాసికొని అంగడికి పోయినవానికి అవసరము లేని వస్తువు కంటబడినను చేయి చాచ బుద్ధిపుట్టదు.

ఈ లెక్కలో ఒక విశేషమును గమనింపుడు. సొమ్ము చాలనివాడు సాధారణముగా అన్నము పెంచి పప్పు తగ్గించును. ఊరగాయతోనే పూట గడుపును. కడుపు నిండును గాని శరీరమునకు బలము చాలదు. పైగా ఊరగాయవలన ఉప్పు అధికమగును. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. బియ్యములోని మాంసకృత్తులలో లైసిన్ అను అంశము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పులో మెథియొనిన్ తక్కువ. ఆ లోపమును బియ్యము పూరించును. పప్పు, అన్నము కలిపి తినుట ఆచారము మాత్రమే కాదు, ఒకదాని కొఱత మఱియొకటి తీర్చు ఏర్పాటు. ఆకుకూర పప్పుపై దింపిన తరువాత నిమ్మరసము పిండుకొన్నచో ఆకులోని ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో ఆ ఇనుము పట్టుట తగ్గును.

తెలుగు ప్రాంతములలో 1999లో రైతుబజారులు ఏర్పడినవి. రైతులు తమ పంటను అక్కడ తామే విక్రయింతురు. నాటి ధరలు పలకపై వ్రాయబడియుండును. ఆ పలకను చదివి, చౌకగా నున్న కాయను బట్టి వంట నిర్ణయించుకొనవలయును. వంకాయ కూర తినవలెనని పట్టుబట్టి బయలుదేరువానికి వంకాయ ప్రియముగా నున్న దినమున నష్టము తప్పదు. ఏ కాలములో ఏ కాయ విరివిగా పండునో ఆ కాలములో ఆ కాయయే చౌక, రుచియు అధికము.

ఇక వారమునకు ఒక మాదిరి పథకమును చూతము. ఆదివారము తోటకూర, టమాటాలు, బీరకాయలు, ఒక దోసకాయ, వంకాయలు, బంగాళాదుంపలు తెచ్చుకొన్నామనుకొందము. ఆనాడు తోటకూర పప్పు. పప్పు ఉడికినప్పుడే గరిటెడు వేఱుగా తీసియుంచినచో రాత్రికి టమాటా చారు కాచుకొనవచ్చును. సోమవారము బీరకాయ కూర. దాని తొక్కును వేయించి, పచ్చిమిరపకాయ, చింతపండు చేర్చి నూరినచో పచ్చడి. ఒక్క కాయతో రెండు ఆదరువులైనవి. మంగళవారము దోసకాయలో సగము పప్పులోనికి, సగము పచ్చడికి; ఆ రాత్రి వంకాయ కూర. బుధవారము మఱల అంగడికి పోయి గోంగూర, కొన్ని కూరగాయలు తేవలయును. గోంగూర పచ్చడి పులుపువలనను నూనెవలనను రెండు మూడు దినములు నిలుచును. గురువారము గ్రుడ్ల పులుసు. గ్రుడ్లు తిననివారికి నానబెట్టిన సెనగల కూర. శుక్రవారము బంగాళాదుంప కూర, పెరుగు. శనివారము బుట్టలో మిగిలిన ప్రతి ముక్కయు చేర్చి ముక్కల పులుసు. శనివారము రాత్రికి బుట్ట ఖాళీ కావలయును. ఈ పథకము మార్పరానిదేమియు కాదు. ఒక వస్తువు రెండు పూటలకు రెండు రుచులుగా వచ్చునట్లు ముందుగా ఆలోచించుటయే ఇందలి కీలకము.

వండునప్పుడు వంటచెఱకు పొదుపు, లేక నేటి మాటలో గ్యాసు పొదుపు చూడవలయును. పప్పును అరగంట ముందు నానబెట్టినచో త్వరగా ఉడుకును. తెఱచిన గిన్నెలో నీరు సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును; మరిగిన తరువాత మంట ఎంత పెంచినను వేడి పెరుగదు, ఆవిరి మాత్రమే పోవును. కావున నీరు మరిగిన వెంటనే మంట తగ్గించి మూత పెట్టవలయును. కుక్కరులో ఆవిరి బయటకు పోనందున ఒత్తిడి పెరిగి, నీరు 120 డిగ్రీల వరకు వేడెక్కును. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తయారుచేసిన పాత్ర మన కుక్కరునకు మూలము. అడుగు గిన్నెలో పప్పు, పైగిన్నెలో బియ్యము పెట్టినచో ఒకే మంటపై రెండును ఉడుకును. ఆ సమయములో కూర తరుగుకొన్నచో వంట అంతయు ముప్పావుగంట దాటదు. బియ్యమును పలుమారులు కడుగుటవలనను, గంజి వార్చి పారబోయుటవలనను బి విటమినులు నష్టమగును. గంజి వార్చినచో దానిలో ఉప్పు, మజ్జిగ చేర్చి త్రాగుట మేలు.

పొదుపు పేరిట చెడిన పదార్థమును తినుట మాత్రము పొదుపు కాదు. ఈ విషయములో అన్నమును గూర్చి ప్రత్యేకముగా జాగ్రత్త వహింపవలయును. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క బీజములు ఉండవచ్చును. ఉడికినను అవి నశింపవు. వండిన అన్నము గంటలకొలది వెచ్చగా పడియున్నచో అవి మొలకెత్తి విషమును పుట్టించును. మఱల వేడి చేసినను ఆ విషము పోదు. కావున మిగిలిన అన్నమును వెడల్పు పళ్ళెములో త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచి, మఱునాడే పులిహోరగానో పెరుగన్నముగానో ముగింపవలయును. ఫ్రిజ్ లేనివారు మిగులకుండ కొలిచి వండుకొనుటయే ఉత్తమము. పూటకు వంద గ్రాముల బియ్యము ఏ గ్లాసులో ఎంతవరకు వచ్చునో ఒకసారి తూచి గుర్తు పెట్టుకొన్నచో చాలును. పూర్వము ఇండ్లలో గిద్ద, సోల, తవ్వ అను కొలపాత్రలు ఉండుట ఇందులకే.

వీటన్నిటికి తోడు ఒక చిన్న పుస్తకము కావలయును. అందు నాలుగు గళ్ళు గీయుడు: తేదీ, వస్తువు, వెల, పారవేసినది. మొదటి మూడు గళ్ళు అందఱును వ్రాయుదురు. నాలుగవ గడి వ్రాయుటకు సిగ్గుపడుదురు. కాని మీకు బుద్ధి చెప్పునది అదియే. ‘కొత్తిమీర సగము కట్ట, పెరుగు ఒక గిన్నె’ అని రెండు వారములు వ్రాసినవాడు మూడవ వారము కొత్తిమీర తక్కువగా కొనును, మిగిలిన పెరుగును మజ్జిగపులుసుగా కాచును. నెల గడచునప్పటికి తన కొలత తనకు తెలియును. అప్పుడు మిగిలిన సొమ్ముతో ఒక పండో, ఒక పుస్తకమో కొనుకొనవచ్చును. నెల చివర స్నేహితునివద్ద చేయి చాచవలసిన అవసరమును తప్పును.

వంట స్త్రీల పని యని, మగపిల్లలకు దానితో పనిలేదని కొందఱు తలంతురు. మన భాషలో గొప్ప వంటకు నలభీమపాకమని పేరు. నలుడు నిషధదేశమునకు రాజు. భీముడు గదాయుద్ధములో మేటి. విరాటుని కొలువులో భీముడు వలలుడను పేర వంటవాడై ఏడాది గడపెను. అంతటి వీరునికి తక్కువ కాని పని మనకు తక్కువ ఎట్లగును? ఆకలి ఆడువారికి, మగవారికి ఒక్కటియే; దానిని తీర్చుకొను నేర్పు కూడ ఇద్దఱికిని ఉండవలసినదే.

విద్యార్థులారా! సెలవు దినములలో మీ ఇంట అన్నము, పప్పు, చారు, ఒక కూర, ఈ నాలుగు వండుట నేర్చుకొనుడు. పొయ్యి వెలిగించునప్పుడు పెద్దలు దగ్గఱ నుండవలయును. బియ్యమునకు నీరెంత, పప్పునకు ఉప్పెంత, పోపు ఎప్పుడు దింపవలెను అని మీ అమ్మను, నాన్నను అడుగుడు. వారు చేతితో చూపు కొలతను మీరు గ్లాసుతోను చెంచాతోను కొలిచి వ్రాసికొనుడు. రేపు పరాయి ఊరిలో, చిన్న గదిలో, ఆ కాగితమే మీకు అండగా నిలుచును. ఆకలితో ఒక స్నేహితుడు మీ గదికి వచ్చినప్పుడు కుక్కరులో మఱియొక పిడికెడు బియ్యము వేసి అతనికి కూడ వడ్డింపగలుగుదురు.