కొత్త అక్వేరియంలో చేపలు ఎందుకు చనిపోతాయి? జీవామృతం పోసి నేను చేసిన తప్పు

ఈసారి పొలం సంగతి కాదు, మా ఇంట్లో పెట్టిన గాజు తొట్టి సంగతి చెబుతాను. కానీ చదివితే మీకే తెలుస్తుంది, ఇది కూడా మన సూక్ష్మజీవుల కథే.

మా చిన్నమ్మాయి అడిగిందని రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కొన్నాను. గులకరాళ్ళు పోను సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. ఆ సాయంత్రమే బోరు నీళ్ళు నింపి నాలుగు గోల్డ్ ఫిష్‌లు వదిలాం. నాలుగో రోజుకి నీళ్ళు పాలలాగా మసకబారాయి. చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి.

నాకో ఆలోచన వచ్చింది. కొత్త నీళ్ళు కదా, సూక్ష్మజీవులు లేవు, అందుకే ఇలా అనుకుని అర గ్లాసు జీవామృతం పోశాను. తెల్లారేసరికి మూడు చేపలు తేలిపోయాయి. మా అమ్మాయి ఒక్కటే అడిగింది: "నాన్నా, నువ్వు అందరికీ సూక్ష్మజీవుల గురించి చెబుతావు కదా, మరి మన చేపలెందుకు చచ్చిపోయాయి?" నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం తెలుసుకున్నాకే ఇది రాస్తున్నాను.

అసలు ఏం జరుగుతుంది?

చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిపోయిన మేత కుళ్ళడం నుంచి నీళ్ళలో అమ్మోనియా చేరుతుంది. చెరువులో నీళ్ళు ఎక్కువ, చేపలు తక్కువ కాబట్టి తెలియదు. 50 లీటర్ల తొట్టిలో అది విషం. నీళ్ళ పీహెచ్, వేడి పెరిగేకొద్దీ ఆ విషం తీవ్రత కూడా పెరుగుతుంది. చాలా బోర్ల నీళ్ళు క్షార గుణం ఉన్నవే కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ప్రకృతిలో దీనికి మందు ఉంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపలకి ఇబ్బంది లేదు, మొక్కలకైతే ఆహారం. మన నేలలో జరిగే పనే ఇది, అక్షరం పొల్లుపోదు.

తేడా ఎక్కడంటే, ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త తొట్టిలో సరిపడా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి నీళ్ళలో కంటే ఫిల్టర్ స్పాంజికి, రాళ్ళకి అంటుకుని బతుకుతాయి. వాటికి ఆక్సిజన్ బాగా కావాలి.

జీవామృతం ఎందుకు పనికిరాలేదు?

జీవామృతంలో పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి ఉంటాయి. నేలకి అది విందు. తొట్టిలో మాత్రం బెల్లం తినే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి, నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తాయి. పేడ, మూత్రం ఇంకా అమ్మోనియా చేర్చాయి. దయచేసి జీవామృతం, పంచగవ్య, ఏ కషాయమూ అక్వేరియంలో పోయకండి.

కానీ జీవామృతంలో మనం వేసే గుప్పెడు గట్టు మట్టి గుర్తుందా? దానికి సమానమైనది ఇక్కడ కూడా ఉంది. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉన్నవాళ్ళని అడిగి, వాళ్ళ ఫిల్టర్ స్పాంజి ముక్క తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టండి. పని చాలా తొందరగా మొదలవుతుంది. జబ్బు చేపలున్న తొట్టి నుంచి మాత్రం తేవద్దు.

నేను రెండోసారి చేసిన పద్ధతి

1. మిగిలిన ఆ ఒక్క చేపని పెద్ద తొట్టి ఉన్న మిత్రుడికి ఇచ్చేశాను. గోల్డ్ ఫిష్ పెద్దగా పెరుగుతుంది, వ్యర్థం ఎక్కువ వదులుతుంది. 50 లీటర్లు దానికి చాలవు.

2. నీళ్ళు నింపి, గాలి మోటారు పెట్టి ఒక రోజు వదిలేశాను. మునిసిపాలిటీ నీళ్ళలో ఉండే క్లోరిన్ కూడా ఇలా చాలావరకు పోతుంది.

3. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేశాను. అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది, బాక్టీరియాకి అదే ఆహారం. అక్వేరియం షాపులో దొరికే పరీక్ష కిట్‌తో చూస్తే మొదట అమ్మోనియా పెరిగింది, తర్వాత నైట్రైట్ పెరిగింది. ఐదో వారానికి రెండూ సున్నాకి వచ్చాయి.

4. అప్పుడు నాలుగు గప్పీలు మాత్రమే వదిలాను. వాటి సంచిని 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు సంచిలో కలిపాను.

5. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేస్తాం. ఒక పూట మానినా చేప చావదు, ఎక్కువ వేస్తేనే ప్రమాదం.

6. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మారుస్తాం. మొత్తం పారబోసి కడగకూడదు. స్పాంజిని తీసిన ఆ పాత నీళ్ళలోనే పిండాలి. క్లోరిన్ ఉన్న కుళాయి కింద కడిగితే పెంచిన బాక్టీరియా చచ్చిపోతుంది.

7. ఫిల్టర్ రాత్రి కూడా ఆపం. కరెంటు పోతే మగ్గుతో నీళ్ళు తీసి కొంచెం ఎత్తు నుంచి పోస్తుంటాం, గాలి కలుస్తుంది. ఆ పూట మేత వేయం.

చేపలు పైకొచ్చి గుటకలు వేసినా, రెక్కలు ముడుచుకుని మూల కూర్చున్నా వెంటనే మందుల కోసం పరిగెత్తకండి. ముందు మేత ఆపి, తొట్టి నీళ్ళంత వేడిలోనే ఉన్న క్లోరిన్ లేని నీళ్ళతో మూడో వంతు మార్చండి. ఎక్కువసార్లు జబ్బు చేపలో కాదు, నీళ్ళలోనే ఉంటుంది.

మార్చిన నీళ్ళు పారబోయకండి. మేం పెరటి వంగ మొక్కలకి పోస్తున్నాం. స్పాంజి ఎలా పిండాలో, కిట్ రంగులు ఎలా చూడాలో వీడియోలో చూపించాను.

రసాయన సేద్యం నుంచి మారినప్పుడు నేలకి సమయం ఇవ్వాలని అందరికీ చెప్పే నేనే, తొట్టికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. మా అమ్మాయికి ఇప్పుడు ఆ మాటే చెప్పాను. పోయిన వారం తనే లెక్కపెట్టి చెప్పింది, గప్పీలు పిల్లలు పెట్టాయట, పదకొండు.