గోడకి టేపు వద్దు, అమ్మ చీర చాలు!

దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క వాళ్లది అద్దె ఫ్లాటు. పాప ఫస్ట్ బర్త్‌డే అనగానే అక్కకి గోడలే గుర్తొచ్చాయి. పాత ఇంట్లో డెకరేషన్ టేపు పీకితే పెయింటూ ఊడొచ్చింది. ఓనర్ అడ్వాన్సులో కోసేశాడు.

ఈసారి గోడ జోలికి పోవద్దనుకున్నాం. నేనుండేది ఎల్బీనగర్. మెట్రోలో మూడో స్టేషనే కాబట్టి ముందురోజు సాయంత్రమే దిగిపోయా. కర్టెన్ రాడ్‌కి అమ్మ పోచంపల్లి చీర కట్టాం. ఆ ఇక్కత్ డిజైన్ మీద ఫొటోలు కనబడితే ఒట్టు! విప్పేసి ప్లెయిన్ పసుపు చీర కట్టాం. పైన పురికొస లాగి, బట్టల క్లిప్పులతో నెలకొకటి చొప్పున పాప ఫొటోలు 12 తగిలించాం. రెండు పక్కలా బంతిపూల దండలు, దీపావళి సీరియల్ లైట్లు.

థర్మకోల్ అక్షరాలు వద్దన్నా. అలంకరణ థర్మకోల్, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతా బ్యాన్. పాత అట్టపెట్టె కోసి పేరు రాశాం.

గ్యాస్ బెలూన్లు మాత్రం కొవ్వొత్తి దగ్గరికి తేవద్దు. హీలియం మండదు గానీ, కొందరు నింపే హైడ్రోజన్ భగ్గుమంటుంది. మేం నోటితో ఊదినవే వాడాం. పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి, ఏడాది పిల్లల గొంతులో అడ్డం పడతాయి.

రాత్రి విప్పడానికి పది నిమిషాలు పట్టింది. గోడ మీద గీత లేదు. చీర మీద కేక్ మరక ఒకటి ఉంది, అమ్మ ఇంకా చూడలేదు.