కుక్కకు పెట్టె: చెరయా, గూడా?

మదనపల్లె వాసులకు క్రేటు అనగానే టమాట మండీ తలపునకు వచ్చును. మేమిచట వ్రాయబూనినది వేరొక క్రేటును గూర్చి. పెంపుడు కుక్క పరుండుటకును, క్రమశిక్షణ నేర్చుకొనుటకును, భయము కలిగినపుడు తలదాచుకొనుటకును ఉపయోగపడు పెట్టె అది.

కుక్కను పెట్టెలో ఉంచుట క్రూరత్వము కాదా అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సమాధానము ఆ జంతువు స్వభావములోనే ఉన్నది. పుంగనూరు పొట్టి ఆవు పచ్చిక మేయు ప్రాణి. ఆరుబయట మేసి తిరుగుట దానికి సుఖము. కుక్క తత్త్వము వేరు. ఈనబోవు ఊరకుక్క గడ్డివామి అడుగుననో, మెట్ల క్రిందనో, తూములోనో చోటు వెదకుకొనుట మనమందరము చూచినదే. మూడు వైపుల మరుగు, ఒక వైపు దారి ఉన్న చోటు దానికి ధైర్యము నిచ్చును. అంతేకాక, నడక నేర్చిన కూన సాధారణముగా తాను పరుండు చోటును మలినపరచదు. ఈ రెండు గుణములే ఈ పద్ధతికి పునాది. అస్‌హాబె కహఫ్ వృత్తాంతములో గుహ వాకిట ముంగాళ్ళు చాచి పరుండిన కుక్కను ఎరుగనివారు మన కళాశాలలో అరుదు. కుక్కను ఇంటిలోనికి రానీయని కుటుంబములు సైతము వసారాలో ఈ పెట్టెను ఉంచుకొనవచ్చును.

మా అనుభవమునే చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక కూనను తెచ్చితిమి. అది చెప్పులు కొరికినదని కోపగించి, అలవాటు లేని పెట్టెలోనికి నెట్టి తలుపు బిగించితిమి. రాత్రి అంతయు అది అరచినది. తెల్లవారి చూడగా గోళ్ళు చిట్లి రక్తము కారుచుండెను. ఆ పిమ్మట పెట్టెను చూచిన వణకుచుండెను. చేయి చాచిన కరవ వచ్చుచుండెను. దోషము కూనది కాదు, పెట్టెది కాదు, మాది. గూటిని మేము శిక్షగా మార్చితిమి.

సరియైన పద్ధతి ఇది. పెట్టెలో కుక్క తల వంచకుండ నిలువగలుగవలెను, తిరుగగలుగవలెను, కాళ్ళు చాచి పరుండగలుగవలెను. కూనకు మరీ పెద్ద పెట్టె అయినచో ఒక మూల పరుండి వేరొక మూల మూత్రము విడుచును. కావున నడుమ అడ్డు పెట్టవలెను. కుక్క ముఖ్యముగా నోరు తెరచి వగర్చుట చేతనే ఒంటి వేడిని తగ్గించుకొనును. అందుచే గాలి ఆడని పెట్టె, ఎండ తగులు చోటు, రేకుల కప్పు క్రింది ఉక్క దానికి ప్రాణాపాయము.

మొదట తలుపు తెరచియే ఉంచి, పాత గుడ్డ పరచి, లోపలనే అన్నము పెట్టవలెను. తనంతట తాను లోనికి పోవుట అలవాటైన పిదప, తినుచున్నంత సేపు మాత్రము తలుపు మూయవలెను. తరువాత 5 నిమిషములు, 10 నిమిషములు, ఇట్లు క్రమముగా పెంచవలెను. బయటికి తీసిన వెంటనే మూత్రవిసర్జనకు తీసికొనిపోయి, పని ముగించినపుడు మెచ్చుకొనవలెను. 2 నెలల కూనను పగటిపూట 2, 3 గంటలకు మించి మూసియుంచరాదు. రాత్రి సైతము ఒకటి రెండు మారులు బయటికి తీయవలెను. భయముతో గిజగిజలాడు కుక్కను వెంటనే విడువవలెను. ఎన్నడును పెట్టెను శిక్షకు వాడరాదు.

దీని ప్రయోజనము ఇంటితో ముగియదు. కుప్పం మీదుగా బెంగళూరు పోవు రైలు మార్గమున్నది. రైలు ప్రయాణములో కుక్కను గార్డు పెట్టెలోని ప్రత్యేకమైన గూటిలో ఉంచి తీసికొనిపోవు పద్ధతి కలదు. ఇంటివద్ద పెట్టెకు అలవాటుపడిన కుక్కకు ఆ ప్రయాణము కొంత సులభమగును. పశువైద్యుని వద్దకు తీసికొనిపోవునపుడును అంతే.

చట్టము సైతము ఈ విషయమున మౌనము వహింపలేదు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టములోని 11వ సెక్షను ప్రకారము, కదలుటకు తగిన చోటు లేని పంజరములో జంతువును ఉంచుట నేరము. మిక్కిలి పొట్టి గొలుసుతోగాని, బరువైన గొలుసుతోగాని అకారణముగా దీర్ఘకాలము కట్టివేయుటయు నేరమే. దినమంతయు పెట్టెలో ఉంచి విధులకు పోవువారు కుక్కను పెంచకుండుటయే మేలు.

మా కూన సంగతి ముగింతుము. పెట్టె తలుపు ఊడదీసి, దూరమున అన్నము పెట్టుచు, దినమునకొక జానెడు దగ్గరకు జరుపుచు, మరల మొదటినుండి ప్రారంభించితిమి. దాని భయము పోవుటకు చాల దినములు పట్టినది. ఆ యేటి దీపావళి రాత్రి టపాకాయల మ్రోతకు బెదరిన ఆ కూన, ఎవరును పిలువకయే పోయి పెట్టెలో ముడుచుకొని పరుండెను. తలుపు లేదు, అయినను తెల్లవారువరకు బయటికి రాలేదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! కుక్కను పెంచదలచిన యెడల ఈ చిన్న పరీక్షను గుర్తుంచుకొనుడు. తలుపు తెరచియున్నను కుక్క తన ఇష్టముతో లోపల పరుండినచో అది గూడు. తలుపు మూసిననే లోపల నిలుచునది అయినచో అది చెర. ఏది కట్టుదుమన్నది మన ఓర్పుపై ఆధారపడియున్నది.