గ్యారేజీలో నీళ్లు, క్యాంపుకు ఫోను

దుబాయ్‌లో తెల్లవారుజామున 5 గంటలు. సోనాపూర్ క్యాంపు గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ మన పాఠకుడొకరికి అమెరికా నుంచి తమ్ముడి ఫోను వచ్చింది. తమ్ముడుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో. అక్కడ అప్పుడు రాత్రి 8. “అన్నా, గ్యారేజీ మొత్తం నీళ్లయినయి. హీటర్ కింది నుంచి కారుతున్నది. ఏం చెయ్యాలె?”

తమ్ముడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అన్న ప్లంబర్. పదేళ్లుగా దుబాయ్ బిల్డింగుల్లో పైపులు బిగిస్తున్నాడు. తమ్ముడి చదువుకు పైసలు పంపింది ఈ పైపుల పనే. ఆ రాత్రి ఇల్లు కాపాడింది కూడా ఈ పనే.

“ముందుగాల హీటర్ మీద గ్యాస్ నాబ్ ఆఫ్‌కు తిప్పు. తర్వాత ట్యాంకు పైన రెండు పైపులుంటయి చూడు. చల్లగున్న దాని మీద వాల్వు ఉంటది. అది బంద్ చెయ్యి” అన్నాడు అన్న. రెండు నిమిషాల్లో అయిపోయింది. ట్యాంకు కింది నల్లాకు తోట పైపు తగిలించి, దాని రెండో కొస నీళ్లు పోయే చోట పెట్టమన్నాడు. మేడమీద వేడినీళ్ల నల్లా ఒకటి విప్పమన్నాడు. పైనుంచి గాలి పోకపోతే కింది నుంచి నీళ్లు సరిగా రావు. పైపులో వచ్చేది కాగిన నీరు కాబట్టి పిల్లల్ని ఇంట్లోకి పంపమన్నాడు. ఇంతలో బస్సు వచ్చింది. మిగతాది బస్సులో కూర్చుని చెప్పాడు.

ఈ సంగతి విన్నాక మేము అనుకున్నాం, ఇది మన పేపర్లో రావాల్సిందేనని. కమ్మింగ్‌లోనైనా, క్యాంపులోనైనా, ఊళ్లో కట్టుకుంటున్న ఇంట్లోనైనా గీజర్ గీజరే. ఒక ఇనుప ట్యాంకు, దాన్ని కాచే మంటో కరెంటు రాడ్డో, ఒక వాల్వు, లోపల కనపడని ఇంకో రాడ్డు. కొనేటప్పుడు అందరం అడిగేది లీటర్లు, ధర. ప్రాణం ఉన్నది మాత్రం మిగతా రెండింటిలో.

ముందు కమ్మింగ్ సంగతి. ఇది ఫోర్సైత్ కౌంటీకి కేంద్రం. 2000 జనాభా లెక్కల్లో ఆ కౌంటీలో 98,407 మంది ఉంటే, 2010లో 1,75,511 మంది, 2020 నాటికి 2,51,283 మంది అయ్యారు. వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే. అంత జనానికి కాలనీలకు కాలనీలే ఒక్కసారి లేచాయి. అంటే వీధి మొత్తానికి హీటర్లు కూడా దాదాపు ఒకే ఏడాది బిగించారు. గ్యాస్ మీద పనిచేసే ట్యాంకు హీటరుకు ఆయుష్షు మామూలుగా 8 నుంచి 12 ఏళ్లు. పక్కింట్లో పోయిందంటే మన వంతు దగ్గర పడ్డట్టే. తమ్ముడి ఇంట్లోది ఇల్లు కట్టినప్పుడు పెట్టినదే, 14 ఏళ్లది. ట్యాంకు మీది స్టిక్కరులో తయారైన సంవత్సరం ఉంటుంది, లేదా సీరియల్ నంబరును బట్టి తెలుస్తుంది. ఇల్లు కొని ఆరేళ్లయినా అతను ఆ స్టిక్కరు చదవలేదు. చదివినవాళ్లను మేమూ పెద్దగా చూడలేదు.

కారడం ఎక్కడినుంచో చూడాలని అన్న చెప్పాడు. పైన పైపు జాయింటు దగ్గరైతే బిగించుకోవచ్చు. పక్కన సేఫ్టీ వాల్వు పైపు నుంచైతే వాల్వు మార్చవచ్చు, లేదా ప్రెషర్ చూసుకోవాలి. ట్యాంకు అడుగు నుంచే అయితే లోపల తుప్పు పట్టి చిల్లు పడ్డట్టు. దానికి అతుకు లేదు, ట్యాంకు మార్చాల్సిందే. తమ్ముడిది అడుగు నుంచే.

ఇక్కడ ఆ కనపడని రాడ్డు గురించి చెప్పాలి. ట్యాంకు ఇనుముది, లోపల గాజు పూత ఉంటుంది. ఈ పూత పద్ధతికి ఏ.ఓ. స్మిత్ కంపెనీ 1936లో పేటెంటు తీసుకుంది. పూత ఎంత బాగున్నా ఎక్కడో సన్న పగులు ఉంటుంది. అక్కడ తుప్పు పట్టకుండా ట్యాంకు లోపల మెగ్నీషియం లేదా అల్యూమినియం రాడ్డు ఒకటి వేలాడదీస్తారు. దాన్ని యానోడ్ రాడ్డు అంటారు. ఇనుముకు బదులు అది కరిగిపోతుంది. అది పూర్తిగా కరిగాక నీళ్లు ట్యాంకును తినడం మొదలుపెడతాయి. రెండు మూడేళ్లకోసారి విప్పి చూసి, లోపలి తీగ బయటపడితే కొత్తది వేయాలి. ట్యాంకు ధరతో పోలిస్తే రాడ్డు ధర ఏపాటిది! అయినా వేయించేవాళ్లు తక్కువ. ప్లంబర్లు గుర్తు చేయరు, ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు కమ్మింగ్ ఇంటికి వచ్చిన మనిషి ట్యాంకు లేని హీటర్ పెట్టుకోమన్నాడు. గోడకు తగిలించేది, నీళ్లు వాడేటప్పుడే కాచేది, 20 ఏళ్లు వస్తుంది అన్నాడు. అది అబద్ధం కాదు. అయితే మామూలు ట్యాంకు హీటర్ మంట గంటకు సుమారు 40,000 బీటీయూ అయితే, ట్యాంకు లేనిది 1,50,000 నుంచి 1,99,000 వరకు అడుగుతుంది. దానికి లావు గ్యాస్ పైపు, వేరే పొగగొట్టం కావాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో చివరి లైన్లలో ఉంటుంది. అన్న ఆ కాగితం ఫొటో తెప్పించుకుని చూసి, “ముందు ఈ లైను గురించి అడుగు తమ్మీ” అన్నాడు.

గ్యారేజీ విశాలంగా ఉన్న ఇంటికి హీట్ పంపు హీటర్ ఇంకో దారి. ఏసీని తిరగేసి వాడినట్టు, చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. మామూలు కరెంటు హీటరుతో పోలిస్తే మూడో వంతు కరెంటు చాలు. జార్జియా లాంటి వెచ్చని చోట బాగా నడుస్తుంది. కాస్త మోత ఉంటుంది, నీళ్లు మెల్లగా కాగుతాయి. తమ్ముడి ఇంట్లో నలుగురు, ఏటా కొన్ని నెలలు అమ్మానాన్న. చివరికి వాళ్లు తీసుకున్నది 50 గ్యాలన్ల, అంటే సుమారు 190 లీటర్ల మామూలు గ్యాస్ ట్యాంకే. పైపు, పొగగొట్టం ఉన్నవే సరిపోయాయి. మాకైతే అది సబబుగానే తోచింది.

కమ్మింగ్‌లోని మనవాళ్లకు రెండు మాటలు. హీటర్ మార్చే ముందు పర్మిట్ సంగతి కౌంటీని అడగండి. ప్లంబరు లైసెన్సు ఉందో లేదో జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు రికార్డుల్లో చూసుకోవచ్చు. అద్దె ఇల్లయితే మీ జేబులోంచి పెట్టుకోకండి. రిపేరు బాధ్యత ఇంటి ఓనరుది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన జార్జియా చట్టం, అద్దె ఇల్లు మనిషి ఉండటానికి తగినట్టు ఉండాలని కూడా చెప్పింది. ఫోన్లో చెప్పి ఊరుకోక, రాసి పంపండి.

పర్మిట్ ఎందుకా అంటే, వాల్వు కోసం. ట్యాంకు పక్కన చిన్న పిడి ఉన్న ఇత్తడి వాల్వు ఉంటుంది. అమెరికా హీటర్లలో అది మామూలుగా ప్రెషర్ 150 పౌండ్లు దాటినా, నీటి వేడి 99 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. ఆ వాల్వు పనిచేయకపోతే ఏమవుతుందో 1982 జనవరి 19న ఓక్లహోమా రాష్ట్రం స్పెన్సర్‌లో తెలిసింది. అక్కడ స్టార్ ఎలిమెంటరీ స్కూల్లో వాటర్ హీటర్ పేలి ఆరుగురు పిల్లలు, ఒక టీచరు చనిపోయారు. వేడిని అదుపులో పెట్టాల్సిన భాగాలు, సేఫ్టీ వాల్వు రెండూ పనిచేయలేదు. బిగించిన ట్యాంకులో నీళ్లు వంద డిగ్రీలు దాటినా ఆవిరి కావు. ట్యాంకు పగిలిన క్షణంలో ఒక్కసారి ఆవిరై సుమారు 1,600 రెట్లు ఉబ్బుతాయి. అప్పుడు అది బాంబే.

అందుకే వాల్వు కారుతోందని దానికి ప్లగ్గు కొట్టకండి. ఇది మేము ముఖ్యంగా క్యాంపుల్లో ఉన్న మీకు చెబుతున్నాం. నీళ్లు కాగేటప్పుడు కొద్దిగా ఉబ్బుతాయి, నాలుగు చుక్కలు రాలడం మామూలే. ఆగకుండా కారితే ప్రెషర్ ఎక్కువున్నట్టు, లేదా వాల్వు పాడయినట్టు. రెండింటికీ మందు మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరుంది, టేపులో లేదు. బాత్రూంలో కారుతుంటే చిరాకే. ఎవరో తెలిసినతను వచ్చి గట్టిగా ప్లగ్గు బిగిస్తాడు, అందరూ శభాష్ అంటారు. ఆ శభాష్ మనకొద్దు.

క్యాంపులో ఇంకో సంగతి ఎర్త్. నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఆ బాత్రూంలో గీజర్ ఆ క్షణమే ఆపాలి. “కొంచెమే కదా” అనుకుంటాం. తడి ఒంటికి కొంచెం కరెంటు చాలు. ఎర్త్ తీగ తెగిందో, లోపలి రాడ్డు పగిలిందో ఎలక్ట్రీషియన్ చూసేదాకా దాన్ని వాడకండి. రూములో వాడే హీటర్ రాడ్డు ఇంతకంటే ప్రమాదం. ప్లగ్గు తీయకుండా బకెట్లో వేలు పెట్టి నీళ్లు కాగాయా అని చూడటం ఎంతోమందికి అలవాటు. ఆ అలవాటు మానండి.

ఎండాకాలం క్యాంపుల్లో మనవాళ్లు చేసే ఉపాయం అందరికీ తెలుసు. మిద్దెమీది ట్యాంకు మరిగి చల్ల నల్లాలో వేడినీళ్లు వస్తుంటే, గీజర్ స్విచ్చు తీసేసి వేడి నల్లాలో వచ్చే నీళ్లతో స్నానం చేస్తాం. గీజర్ నీడలో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు కాస్త చల్లగా ఉంటాయి. ఉపాయం మంచిదే. కానీ 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు రోజుల తరబడి కదలకుండా ఉంటే లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దానివల్ల న్యుమోనియా వస్తుంది. సెలవుకు వెళ్లి వచ్చినవాళ్లు, వారాల తరబడి వాడని బాత్రూంలో ముందు కాసేపు నీళ్లు వదిలి తర్వాత స్నానం చేయండి.

యూఏఈలో ఉన్నవాళ్లకు తగిన వసతి ఇవ్వడం, లేదా వసతి భత్యం ఇవ్వడం కంపెనీ బాధ్యతని 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం చెబుతోంది. గీజర్ కంప్లయింటు క్యాంపు బాస్‌కు ఇచ్చేటప్పుడు రూము నంబరు, తేదీ వేసి ఫోనులో ఫొటో ఉంచుకోండి. పదిమంది సంతకాలు ఉంటే ఇంకా మంచిది.

ఇక ఊళ్లో ఇల్లు కడుతున్నవాళ్లు చాలామంది మమ్మల్ని ఇదే అడుగుతారు, ఎన్ని లీటర్లది కొనాలని. బకెట్ స్నానం చేసే ఇంటికి 15 లీటర్లు చాలు. షవర్ ఉంటే 25. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 0.6 యూనిట్ కరెంటు పడుతుంది, 2,000 వాట్ల గీజర్‌కు 18 నిమిషాలు. అంతకన్నా ముందే స్విచ్చు వేసి మరిచిపోతే కాలేది పైసలే. ఒకటి రెండు అంతస్తుల ఇంటికి ఎక్కువ ప్రెషర్ తట్టుకునే ఖరీదు మోడల్ అక్కర్లేదు. అది ఎత్తైన అపార్ట్‌మెంట్లకు. స్టార్లు మాత్రం చూడండి. మీటరు బోర్డులో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. టైల్స్ మీద పెట్టే ఖర్చులో అదొక మూల. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల పెట్టవద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి. తలుపు మూసిన బాత్రూంలో దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా మనిషిని పడేస్తుంది.

కమ్మింగ్‌కు నీళ్లు లేనియర్ చెరువు నుంచి వస్తాయి. 1950లలో చట్టహూచీ నదికి కట్టిన బ్యూఫర్డ్ డ్యామ్ చెరువది. మెత్తని నీళ్లు, ట్యాంకులో సున్నం తక్కువ. మన బోరు నీళ్లు అలా కాదు, బకెట్ అంచుకు తెల్లగా పేరుకునేది గీజర్ రాడ్డుకూ పేరుకుంటుంది. కమ్మింగ్‌లో ఏడాదికోసారి కింది నల్లా విప్పి నాలుగు బకెట్లు వదిలితే సరిపోతుంది. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి సున్నం తీయించాలి, యానోడ్ రాడ్డు కూడా అప్పుడే చూపించాలి. పదేళ్లుగా ఒక్కసారీ విప్పని ట్యాంకైతే మీరు ముట్టుకోకండి. పాత నల్లా విప్పాక మళ్లీ మూసుకోకపోవచ్చు.

కొత్త ట్యాంకు వచ్చాక వేడి 49 డిగ్రీలకు, అక్కడి లెక్కలో 120కి పెట్టమన్నాడు అన్న. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, 49లో అందుకు నిమిషాలు పడుతుంది. వచ్చే నెల అమ్మ అక్కడికి వెళ్తోంది, ఆమెకు ఆ ఒంటి పిడి నల్లాలు ఎటు తిప్పాలో తెలియదు. ఆ తర్వాత మార్కర్ పెన్నుతో ట్యాంకు మీద బిగించిన తేదీ రాసి ఫొటో పంపమన్నాడు. ఫొటో వచ్చింది. తేదీ కింద తమ్ముడు తనంతట తానే ఇంకో సంవత్సరం రాశాడు, రాడ్డు చూడాల్సినది.